ఆటస్థలం నుంచి న్యాయస్థానానికి

పాఠశాల జట్టులో ఎవరు ఆడవలెనో నిర్ణయించే అధికారం ఎవరిది? వ్యాయామోపాధ్యాయునిదే అని మన పెద్దలు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఆయన ఈల వేసి పేర్లు చదివేవాడు. పేరు రానివాడు గట్టుమీద కూర్చునేవాడు. ఆ నిర్ణయంమీద దావా వేయవచ్చునన్న ఊహ వారికి కలలోనైనా కలిగి ఉండదు.

అమెరికాలో ఇటువంటి దావాలు కొత్త కాదు. 2018లో మిస్సోరీ రాష్ట్రంలోని లాడ్యూ ఉన్నత పాఠశాలలో ఒక విద్యార్థికి సాకర్ జట్టులో చోటు దొరకలేదు. మొదటి జట్టుకు అతని ఆట చాలదన్నారు. పై తరగతివాడు గనుక రెండవ జట్టులో చేర్చుకోమన్నారు. బాలికల జట్టులో ఈ నిర్బంధం లేదు గదా అని ఇంటివారు ఫెడరల్ కోర్టుకెక్కారు. శిక్షకుని నిర్ణయాన్ని నిలుపుచేయడానికి న్యాయమూర్తి అంగీకరించలేదు. చదువు హక్కు కావచ్చును గాని, జట్టులో స్థానం హక్కు కాదని ఆ దేశపు న్యాయస్థానాలు చాలామట్టుకు చెబుతూనే వచ్చాయి.

మన దేశంలోనూ ఈ గాలి వీచింది. 2012లో ప్రాజక్తా సావంత్ అనే బాడ్మింటన్ క్రీడాకారిణి, హైదరాబాదులోని జాతీయ శిక్షణ శిబిరంలో తనకు చోటివ్వలేదని బొంబాయి హైకోర్టును ఆశ్రయించి, అనుకూలమైన ఉత్తరువు పొందింది. దీనికి రెండో ముఖం బెంగుళూరు వ్యవహారంలో కనిపిస్తుంది. లక్ష్యసేన్ వయస్సు తగ్గించి జనన పత్రం సృష్టించారని అతనిమీద, తల్లిదండ్రులమీద, శిక్షకునిమీద ఒక తండ్రి క్రిమినల్ ఫిర్యాదు చేశాడు. ఆ తండ్రి కుమార్తెకు అదే శిక్షణాలయంలో ప్రవేశం దొరకలేదు. ఈ ఫిర్యాదు వెనుక ఉన్నది వ్యక్తిగత కక్షేనని భావించి 2025 జూలైలో సుప్రీంకోర్టు కేసును కొట్టివేసింది. బిడ్డమీది మమకారం ఎంతదూరం లాక్కుపోగలదో చూడండి!

ఇవన్నీ పట్టణాలవారి వ్యాజ్యాలు. అరకులోయ తండ్రి సంగతి వేరు. అతని బిడ్డ ఆశ్రమ పాఠశాలలో ఉంటుంది. అతడు కొండవాలున కాఫీతోటలోనో, పొడుచేనులోనో ఉంటాడు. ఇంట్లో మాట్లాడేది కువి గాని, ఆదివాసీ ఒడియా గాని. పాఠశాల నోటీసు వచ్చేది తెలుగులో. ఎంపిక పోటీలు ఎప్పుడు జరిగాయో, తన బిడ్డను ఎందుకు పంపలేదో అతనికి సంతలో ఎవరైనా చెబితే తెలియాలి. హైకోర్టు ఉన్నది అమరావతిలో. అన్యాయమే జరిగినా అతడు గడప దాటడు. అతడు ఫిర్యాదు చేయలేదు గనుక అంతా సవ్యంగానే ఉన్నదని మనం అనుకుంటే అంతకన్న అన్యాయం మరొకటి లేదు.

ఇక్కడ బిడ్డ భవిష్యత్తును తేల్చేది చాలాసార్లు ఆట కాదు, పుట్టిన తేదీ. 1954లో ఏర్పడిన పాఠశాలల క్రీడా సమాఖ్య పోటీలు పద్నాలుగు, పదిహేడు, పందొమ్మిది ఏళ్ళలోపు వారికని విభజించబడి ఉన్నాయి. ఇంటిలోనే పురుడు పోసుకున్న తల్లి బిడ్డను బడికి తెస్తే, పంతులుగారు ముఖం చూసి అందాజుగా ఒక తేదీ వేయడం పాత ఆచారం. (మైదానంలో మాత్రం తక్కువా? ఒక తరం పిల్లలందరూ జూన్ నెలలోనే పుట్టారు!) ఆ కలంపోటు ఒక ఏడాది అటయితే బాలిక పోటీకి అనర్హురాలు, ఇటయితే పెద్దపిల్ల చిన్నవారి చోటు కాజేసినట్లు. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరేటప్పుడు వయస్సుకు రుజువు జనన పత్రమే. నేడు బడిలో ఉన్న పిల్లలకు మాత్రం ఆ పాత రిజిస్టరే ఇంకా గతి.

కొండలలో ప్రతిభకు కరువు లేదు. 2025 నవంబరులో కొలంబోలో అంధ మహిళల ప్రపంచకప్పు గెలిచిన భారత క్రికెట్ జట్టులో పాడేరు కొండల బాలిక పాంగి కరుణకుమారి ఉన్నది. అటువంటి బిడ్డను గుర్తించే చూపు ఒక ఉపాధ్యాయునికి ఉండాలి. ఆ చూపును ఏ న్యాయస్థానమూ ఉత్తరువు వేసి పుట్టించలేదు. ఈ పిల్ల ఆ పిల్లకన్న బాగా పరుగెత్తునా అని న్యాయమూర్తి అడగడు. ఎంపిక సంగతి అందరికీ ముందుగా తెలిపారా, కొలత అందరికీ ఒక్కటేనా, ఎంపిక చేసినవారి సొంతబిడ్డలు పోటీలో ఉన్నారా అని మాత్రమే అడుగుతాడు. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒక్క పుటలో వ్రాసి గోడకు అంటించిన ఉపాధ్యాయునికి దావా భయం లేదు. పిల్లలచేత వారి ఇంటిభాషలో దానిని తల్లిదండ్రులకు చెప్పిస్తే మరీ మేలు. సగం కోపాలు అక్కడే చల్లారిపోతాయి.

చల్లారని కోపానికీ దారి ఉన్నది. 1987 నాటి న్యాయసేవల చట్టం షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇప్పిస్తుంది. అంతదాకా పోకుండా, ఎంపిక జాబితా ఎట్లా తయారైనదో చెప్పమని 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద ఏ తండ్రి అయినా ప్రభుత్వ పాఠశాలను అడగవచ్చును. అర్జీ తెలుగులోనే వ్రాయవచ్చు. వ్రాయడం రానివాని నోటిమాటను కాగితంమీద పెట్టడం ఆ కార్యాలయంవారి విధి. రుసుము పది రూపాయలు దాటదు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. జవాబుకు గడువు ముప్పై రోజులు.