ఆటిజం గల వయోజనులకు అండదండలు



ఆటిజం అనగానే మనకు పసిపిల్లలే గుర్తుకు వస్తారు. కాని ఆ పిల్లలు పెరిగి పెద్దవారవుతారు. మెదడు ఎదుగుదలలోని ఈ భేదం జీవితాంతం ఉంటుంది. ఆటిజం గలవారిలో కొందరు ఉద్యోగాలు చేస్తారు. కొందరికి నోట మాట రావడమే కష్టం. పెద్ద శబ్దాలు, జనసమ్మర్దం, ముందుగా తెలియపరచని మార్పులు వారిలో అనేకులకు దుర్భరం. ఎదుటివారి మాటలలోని అంతరార్థం వెంటనే బోధపడదు. అందుచేత వారు ఒంటరితనాన్నే కోరుకుంటారని లోకం భ్రమపడుతుంది.

నిజానికి ఎందరికో ఉన్న ఏకైక ఆధారం తల్లి. ఆమె మంచాన పడిన నాడు వారి గతి ఏమిటి? మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

కెనడాకు చెందిన జుడిత్ స్నో తీవ్ర శారీరక వైకల్యంతో జీవించిన మహిళ. 1980 ప్రాంతంలో ఆమె మిత్రులు కొందరు బృందంగా ఏర్పడి, ఆమె ఆసుపత్రి గోడల మధ్య మగ్గిపోకుండా సమాజంలో స్వతంత్రంగా జీవించడానికి తోడ్పడ్డారు. ఆమె, ఆమె సహచరులు ప్రచారం చేసిన పద్ధతిలో మనిషి చుట్టూ నాలుగు వలయాలు గీస్తారు. మొదటి వలయంలో ఆత్మీయులు, రెండవ దానిలో స్నేహితులు, మూడవ దానిలో కలిసి పనిచేసేవారు, కలిసి కూర్చునేవారు, నాల్గవ దానిలో రుసుము తీసుకొని సేవచేసే వైద్యులు, శిక్షకులు ఉంటారు. వైకల్యం గలవారికి తరచు నడిమి రెండు వలయాలు వెలితిగా ఉంటాయి. ఆ వెలితిని పూరించుకోవడమే అండను నిర్మించుకోవడం.

ఈ వలయాలను ఆ వ్యక్తే గీసుకోవాలి. ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని దూరంగా ఉంచాలో నిర్ణయించే హక్కు వారిదే. భారమంతా ఒక్కరిపై మోపక, ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న పని అప్పగించాలి. బ్యాంకు పనికి ఒకరు, ఆసుపత్రికి తోడుగా ఒకరు, వారానికొకసారి కలిసి టీ తాగడానికి ఒకరు చాలు. ఫోనులో మాట్లాడడం కష్టమైతే సందేశం పంపమని ముందే చెప్పుకోవచ్చు. ఆటిజం గల మరొకరి పరిచయం మరింత మేలు. అక్కడ తమను గురించి వివరించుకోవలసిన శ్రమ తగ్గుతుంది. పుచ్చుకోవడంతోపాటు ఇవ్వడమూ ఉండాలి. లెక్కలు బాగా తెలిసినవారు పొరుగింటి పిల్లవానికి నేర్పితే ఆ బంధం దయాదాక్షిణ్యాల స్థాయిని దాటుతుంది.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది. అది పేర్కొన్న పరిమిత సంరక్షణలో, సంరక్షకుడు ఆ వ్యక్తితో కలిసి, పరస్పర విశ్వాసంతో నిర్ణయాలు తీసుకోవాలి. చట్టం సంరక్షకుణ్ణి ఇవ్వగలదు, స్నేహితుణ్ణి ఇవ్వలేదు. అది మనం చేయవలసిన పని.

కనుక సోదరులారా! "ఎప్పుడైనా అవసరముంటే చెప్పు" అని చెప్పి సాగిపోవద్దు. అడగడమే వారికి అన్నిటికన్నా కష్టమైన పని. "మంగళవారం సాయంత్రం 5 గంటలకు వస్తాను" అని చెప్పండి. ఆ వేళకు తప్పక వెళ్లండి.