గాజుతొట్టిలో సొరచేప

మన బేతమంగళకు పాలారు దగ్గర, సముద్రము దూరము. అయినను మన బాలురు గాజుతొట్టిలో 'షార్కు'ను పెంచవలెనని ముచ్చటపడుచున్నారు. తల్లిదండ్రులు ముందుగా ఎరుగవలసిన సంగతులను ఇచ్చట విన్నవించుచున్నాము.

మంచినీటి తొట్లకై అంగళ్లలో ఆ పేర అమ్మునది సొరచేప కాదు. తరచుగా అది మెకాంగు నదికి చెందిన పంగాసియస్ అను జెల్లజాతి చేప. సొర అస్థిపంజరమంతయు మృదులాస్థియే. దీనికి ఎముకలు కలవు. ఆంధ్రదేశపు చెరువులలో దీనిని ఆహారమునకై పెంచుచున్నారు. వేలెడు పిల్ల 1 మీటరును మించి ఎదుగగలదు.

నిజమైన సొరలలో చిన్నదగు వెదురుసొర సైతము సుమారు 70 సెంటీమీటర్లు పెరుగును. దానికి లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్ర లవణములు గల నీరు కావలెను, వంటయుప్పు చాలదు. చేప విసర్జించు అమ్మోనియాను వడపోతలోని సూక్ష్మజీవులు నిత్యము హరించుచుండవలెను. విద్యుత్తు చాలసేపు ఆగినచో ప్రాణవాయువు తగ్గి చేప చచ్చును.

తొట్టి చాలక పెరిగిన చేపను చెరువులో విడుచుట పుణ్యమని తలపరాదు. పరదేశపు చేప మన చేపల ఆహారమును హరింపవచ్చును, రోగములను తేవచ్చును. కోలారు బంగారుగనులకు నీరిచ్చిన చెరువు మనది. కావున బాలురు ముచ్చటపడినచో మన ఏటి చిన్న పరిగెలను చూపి, వానిని పోషించు ఓర్పును నేర్పుదము.