కాపరి పోయాక నంద్యాల సంఘం

ఏళ్ల తరబడి సంఘాన్ని నడిపిన పెద్దదిక్కు కన్నుమూసినప్పుడు విశ్వాసుల మనసుల్లో రెండు ప్రశ్నలు మెదులుతాయి: పోయినవారి గతి ఏమిటన్నది మొదటిది, ఉన్నవారికి ఇక దారి చూపేదెవరన్నది రెండోది. మొదటిదానికి క్రైస్తవం పునరుత్థాన నిరీక్షణతో, అంటే క్రీస్తునందు మరణించినవారు తిరిగి లేస్తారన్న నమ్మకంతో, సూటిగా జవాబిస్తుంది. రెండోదానికి జవాబు అంత సులువుగా దొరకదని, ఒక్కోసారి అందుకు ఒక తరమే గడిచిపోతుందని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు సంఘ చరిత్ర తెలియజేస్తుంది.

1701లో లండన్‌లో ఏర్పడిన సువార్త ప్రచార సంఘం, అంటే జనం నోట ఎస్.పి.జి. మిషన్, 19వ శతాబ్ది మధ్యకాలంలో కడప నుంచి ఉత్తరంగా సాగి, చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడులో స్థిరపడింది. తర్వాత నంద్యాల దానికి ముఖ్యకేంద్రమైంది. ఇంగ్లండు దేశపు ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన ఈ మిషన్‌లో చేరినవారిలో అధికులు మాలపల్లెల ప్రజలు. పల్లెలో సంఘాన్ని నిలబెట్టినవాడు మిషనరీ దొరగారి కంటే ఎక్కువగా ఉపదేశి, అనగా గురుపట్టం (పాదిరీగా నియామకం) లేకపోయినా బోధించే స్థానిక సేవకుడు. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించి, పొద్దుగూకాక కూలి నుంచి తిరిగొచ్చిన పెద్దలను కూర్చోబెట్టి, చదువురాని వారికి విశ్వాస ప్రమాణాన్ని, పది ఆజ్ఞలను, ప్రభువు ప్రార్థనను నోటితో పలికించి కంఠస్థం చేయించడం అతని పని. నాయకుడు పోయిన కాలంలో సంఘానికి ఆసరాగా నిలిచింది ఈ కంఠస్థమైన చదువే.

ఆ నాయకుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళైలో పుట్టి, తెలుగు నేర్చుకుని తెలుగువారి మధ్యనే జీవితం గడిపిన ఆయన, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. ఆయన దోర్నకల్ అధ్యక్ష మండలం, అంటే ఒక బిషప్పు పర్యవేక్షణలోని సంఘాల ప్రాంతం, తర్వాత విస్తరించినప్పుడు నంద్యాల సీమ కూడా అందులో భాగమైంది. భిన్న శాఖలుగా చీలిన క్రైస్తవులంతా ఒకే సంఘంగా కలవాలన్నది ఆయన జీవితకాలపు తపన. 1919లో తరంగంబాడిలో వెలువడిన ఐక్యతా ప్రకటన వెనుక ఉన్నవారిలో ఆయన ముఖ్యులు. ఆ కల నెరవేరకముందే, 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు.

రెండేళ్లకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ భారత సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. దోర్నకల్ మండలం అందులో చేరగా, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో వేలాది మంది చేరడానికి నిరాకరించారు. కొత్త సంఘంలో అప్పటి నుంచి గురుపట్టం బిషప్పులే ఇవ్వాలి గాని, అప్పటికే బిషప్పు చేతులమీదుగా కాకుండా పట్టం పొందిన ఇతర శాఖల పాదిరీలు కూడా, మళ్లీ పట్టం పొందకుండానే, సేవకులుగా కొనసాగవచ్చన్నారు. అపొస్తలుల నుంచి చేతులుంచడం ద్వారా బిషప్పుల పరంపర తెగకుండా వస్తున్నదని నేర్చుకున్న నంద్యాల వారికి ఇది మింగుడుపడలేదు. ఆ పరంపరకు చెందిన బిషప్పు అజరయ్యే ఐక్యతను కోరుకున్నారు, ఆయన సంఘం నేర్పిన విశ్వాసమే ఆ ఐక్యతకు అడ్డుగా నిలిచింది. ఈ చరిత్రలో అన్నిటికంటే బాధాకరమైన ముడి ఇదే. నంద్యాల వారి నిరాకరణను మొండితనంగా కొట్టిపారేయడం సరికాదు. తమకు అందిన బోధను నాయకుడు లేని వేళ కాపాడుకోవడం కూడా విశ్వాసపాత్రతే.

ఇలాంటి సమయంలో బైబిలు చూపే మార్గం స్పష్టంగానే ఉంది. మోషే చనిపోయాక యెహోషువకు దేవుడు ఇచ్చిన ఆజ్ఞ ఏడుస్తూ కూర్చోమని కాదు, యొర్దాను దాటమని; మోషే ప్రవేశించలేకపోయిన దేశానికి అతని శిష్యుడు ప్రజలను చేర్చాడు. యోహాను సువార్త 14వ అధ్యాయంలో యేసు తన శిష్యులను అనాథలుగా విడవనని, ఆదరణకర్తగా పరిశుద్ధాత్మ వచ్చి తన మాటలను జ్ఞాపకం చేస్తాడని మాట ఇస్తాడు. కాబట్టి క్రైస్తవ దృష్టిలో నడిపింపు ఒక మనిషితో సమాధిలోకి వెళ్లదు. పల్లెల్లో జరిగే ఆదరణ కూడికల్లోనూ ఇదే కనిపిస్తుంది: ఇంటిముందు పందిరి వేసి, పోయినవారి ఫొటోకు పూలమాల వేసి, వారి సాక్ష్యాన్ని ఒక్కొక్కరు చెప్పాక, కీర్తనలు పాడి, చివరికి మిగిలినవారి కోసం ప్రార్థిస్తారు.

నంద్యాల వారికి ఆ నడిపింపు నెమ్మదిగా అందింది. సి.ఎస్.ఐ. వెలుపల ఉన్న ఏళ్లలో వారు కలకత్తా మెట్రోపాలిటన్, అంటే ప్రధాన బిషప్పు, పర్యవేక్షణలో కొనసాగారు. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్ష మండలమైంది. 1970లో ఉత్తరాది ఆంగ్లికన్లు కూడా ఇతర శాఖలతో కలిసి చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాగా ఏర్పడ్డాక, విడిగా ఉండటానికి పాత కారణాలు పలచబడ్డాయి. చివరకు 1975లో నంద్యాల సి.ఎస్.ఐ.లో చేరింది. అజరయ్య మరణించి అప్పటికి 30 ఏళ్లు. గురుపట్టం ఎవరి చేతులమీదుగా రావాలన్న సందేహంతోనే అన్నాళ్లు ఆగిన ఈ మండలానికి, 2013 సెప్టెంబరు 30న విజయవాడలో అభిషేకం పొందిన ఎగ్గోని పుష్పలలిత బిషప్పుగా వచ్చారు, సి.ఎస్.ఐ. చరిత్రలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమె.