చెన్నపట్నంలో ఖైదైన గవర్నరు

గవర్నరును ఆయన కౌన్సిలు మెంబర్లే పట్టించి ఖైదు చేసిన ఉదంతం మన చెన్నపట్నంలో జరిగిందంటే నేటి పిల్లలు నమ్మరు. ఆ గవర్నరు పేరు జార్జి పిగట్.

1719లో పుట్టిన పిగట్ పదిహేడేండ్ల ప్రాయంలో కుంఫిణీ కొలువులో రైటరుగా చేరాడు. రైటరంటే మాబోటి గుమాస్తాయే. అక్కడినుండి 1755 నాటికి గవర్నరు గద్దె ఎక్కాడు. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ వచ్చి కోటను ముట్టడించగా, లారెన్సు తోడుగా రెండు మాసాలు నిలిచి కాపాడాడు. 1763లో దండిగా సొమ్ముతో, తన పేరనే ప్రసిద్ధికెక్కిన పెద్ద వజ్రంతో సీమకు మరలాడు. పార్లమెంటు సభ్యుడై, 1766లో ఐర్లండు లార్డు బిరుదు పొందాడు. ఆ సొమ్మంతా జీతంలో మిగిల్చినదని మేము చెప్పబోము.

1775లో ఆయన మళ్లీ గవర్నరుగా వచ్చాడు. అంతకు రెండేండ్ల ముందు ఆర్కాటు నవాబు కుంఫిణీ పటాలాల సాయంతో తంజావూరును కాజేశాడు. ఆ రాజ్యం తుళజాజీ మహారాజుకు తిరిగి ఇప్పించమని డైరెక్టర్ల ఉత్తర్వు. తెలుగు యక్షగానాలను ఆదరించిన దర్బారది, మనవారికి పరాయిది కాదు. 1776 ఏప్రిలులో పిగట్ స్వయంగా వెళ్లి రాజును గద్దెమీద కూర్చోబెట్టి వచ్చాడు.

చిక్కు అక్కడే పుట్టింది. నవాబుకు అప్పులిచ్చానంటూ పాల్ బెన్‌ఫీల్డు అనే కుంఫిణీ ఉద్యోగి బయలుదేరాడు. తంజావూరు రాబడిమీద 1,62,000 పౌనులు, పొలాల్లో నిలిచిన పైరుమీద 72,000 పౌనులు తనకు రావాలన్నాడు! చిన్న కొలువులో ఉన్నవాడికి అప్పివ్వడానికి అంత డబ్బెక్కడిదో! నవాబు అప్పుల వ్యవహారంలో చేయి పెట్టినవారు కౌన్సిలులోనూ ఉన్నారు. మెజారిటీ బెన్‌ఫీల్డు పక్షాన నిలిచింది.

పిగట్ లొంగలేదు. ఎదురు తిరిగినవారిలో ఇద్దరిని సస్పెండు చేశాడు. ఓర్పు తక్కువ మనిషి. ఇక్కడ అధికారం మీరాడనే మా అభిప్రాయం. ఆగస్టు 24 సాయంకాలం తోటబంగళాకు బండిలో పోతుండగా సిపాయిలు అడ్డగించారు. పక్కన కూర్చున్న కర్నల్ స్టూవర్టే ఆయనను దిగమన్నాడు. ఆనాడు ఆయనతో కలిసి భోంచేసినవాడే!

పరంగికొండకు తీసుకుపోయి కాపలా పెట్టారు. ఎనిమిది మాసాలకు పైగా నిర్బంధంలో ఉండి, 1777 మే 11న పిగట్ కన్నుమూశాడు. ఆయనను మళ్లీ గవర్నరును చేయమన్న డైరెక్టర్ల ఉత్తర్వు ఓడ దిగేసరికి ఆయన లేడు.

నలుగురు మెంబర్లను లండనులో విచారించి 1780లో తలకు 1,000 పౌనులు జరిమానా వేశారు. ఆ సంవత్సరమే బెన్‌ఫీల్డు పార్లమెంటు మెంబరయ్యాడు.