గోల్ఫ్ స్వింగ్: దోషం బంతిలో కనిపిస్తుంది, పట్టులో పుడుతుంది

గోల్ఫ్ ధనికుల క్రీడ అన్న అభిప్రాయం సరిహద్దు గ్రామాలలో బలంగా ఉన్నది. అందులో అసత్యం లేదు. అయితే ఈ దేశంలో ఆ క్రీడకు మరొక ముఖం కూడా ఉన్నది. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయ వృత్తి క్రీడాకారునిగా నిలిచిన అలీ షేర్, ఢిల్లీలో క్యాడీగా, అనగా ఇతరుల క్లబ్బుల సంచి మోసే కుర్రవానిగా జీవితం ఆరంభించినవాడు. 2009లో అదే పోటీని గెలిచిన సి. మునియప్ప బెంగళూరులో క్యాడీగా పనిచేసినవాడు. 2016, 2017 సంవత్సరాలలో వరుసగా గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా, కలకత్తా మైదానంలో గడ్డిని సంరక్షించే ఉద్యోగి కుమారుడు.

బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876లో ఏర్పడినది. కోలారు బంగారు గనుల వద్ద కూడా బ్రిటిష్ వారి కాలంలోనే గోల్ఫ్ మైదానం వెలసినది. ఇటువంటి మైదానాలలో క్యాడీలుగా, గడ్డి పనివారుగా గ్రామీణ యువకులు నేటికీ జీవనం సాగిస్తున్నారు. కొన్ని క్లబ్బులలో వారికి వారానికి ఒక పూట ఆడుకునే అవకాశం లభిస్తుంది. చేతిలో ఉన్నది అరువు క్లబ్బు. శిక్షకునికి చెల్లించే స్తోమత లేదు. ఆ పూటలో తప్పుగా అలవడిన కదలికను తరువాత మాన్పించడం ఎంతో కష్టం. కావున దోషాన్ని దాని మూలంలోనే గుర్తించడం వారికి అత్యవసరం.

బంతి చెప్పే సాక్ష్యం

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. క్లబ్బు ముఖం ఆ బంతిని తాకి ఉండే వ్యవధి సెకనులో సుమారు రెండు వేలవ వంతు మాత్రమే. అంత స్వల్ప కాలంలో ఆటగాడు ఏ సవరణా చేయలేడు. తాకిడికి ముందు జరిగిన సమస్తం ఆ క్షణంలో బంతిపై ముద్రితమవుతుంది.

బంతి ఏ దిశలో బయలుదేరుతుందన్నది ప్రధానంగా క్లబ్బు ముఖం చూసే దిశను బట్టి ఉంటుంది. డ్రైవర్‌తో కొట్టినప్పుడు ఈ ప్రభావం సుమారు ఐదింట నాలుగు పాళ్ళు. బయలుదేరిన తరువాత బంతి ఎటు వంగుతుందన్నది, ముఖం చూసే దిశకూ క్లబ్బు ప్రయాణించే దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. బంతి దారి దిశలో బయలుదేరి ముఖం దిశకు వంగుతుందని పూర్వపు శిక్షకులు బోధించేవారు. రాడార్ పరికరాలు వచ్చిన తరువాత ఆ బోధన తప్పని తేలినది.

కుడిచేతి ఆటగాడు కొట్టిన బంతి ఎడమగా బయలుదేరి కుడికి వంగితే, ముఖం లక్ష్యానికి కొద్దిగా ఎడమను చూసినదనీ, క్లబ్బు దారి అంతకంటె ఎక్కువగా ఎడమకు సాగినదనీ అర్థం. ఈ సాక్ష్యాన్ని చదవడం నేర్చినవాడు తన స్వింగ్‌ను సగం తెలుసుకున్నట్లే. ఇక్కడి సూచనలన్నీ కుడిచేతి వారికి వర్తిస్తాయి. ఎడమచేతి వారు దిశలను తారుమారు చేసుకోవాలి.

మూలం మూడు చోట్ల

అమెరికన్ ఆటగాడు బెన్ హోగన్ కూడా బాల్యంలో క్యాడీయే. ఆయన 1957లో వెలువరించిన ఐదు పాఠాల గ్రంథంలో మొదటి పాఠం పట్టును గురించినదే. జాక్ నిక్లాస్ అగ్రస్థానంలో ఉన్న రోజులలో కూడా ప్రతి సంవత్సరారంభంలో తన గురువు జాక్ గ్రౌట్ వద్దకు వెళ్ళి మొదటి పాఠాల నుండి తిరిగి ఆరంభించేవాడు. ఔత్సాహికుల దోషాలలో అధిక భాగం స్వింగ్ ఆరంభం కాకముందే సిద్ధమై ఉంటాయి. అవి మూడు చోట్ల పుడతాయి: పట్టు, నిలకడ, బంతి స్థానం.

పట్టు: క్లబ్బు పిడి ఎడమ అరచేతి మధ్య గాక, వేళ్ళ మొదళ్ళపై అమరాలి. తల వంచి చూసినప్పుడు ఎడమచేతి కణుపులు రెండు, కొందరికి మూడు, కనిపించాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే గీత కుడి భుజం వైపు చూపాలి. కుడిచేతి చిటికెనవేలు ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ళ నడుమ సంధిపై ఆనుతుంది. చిన్న చేతులున్న పిల్లలు పది వేళ్ళతోనూ పట్టుకొనవచ్చు. బిగువు విషయంలో కోడిపిల్లను పట్టుకున్న తీరు సరియైనది: జారిపోకూడదు, నలిగిపోకూడదు. గొడ్డలిని పట్టినట్లు బిగించితే మణికట్లు కదలవు, వేగం పుట్టదు.

నిలకడ: మట్టి బాటపై ఎద్దుబండి చక్రాల జాడలను ఊహించుకుంటే ఇది సులభంగా బోధపడుతుంది. కుడి జాడ బంతి నుండి లక్ష్యానికి సాగే గీత. ఎడమ జాడపై ఆటగాని పాదాలుండాలి. మోకాళ్ళు, నడుము, భుజాలు కూడా ఆ జాడకు సమాంతరంగా ఉండాలి. నడుము వద్ద నుండి ముందుకు వంగాలి గాని వెన్ను గూని కాకూడదు. బరువు పాదాల నడిమి భాగంపై నిలవాలి.

బంతి స్థానం: పొట్టి ఐరన్ క్లబ్బులకు బంతి రెండు పాదాల మధ్యగా ఉండాలి. డ్రైవర్‌కు ఎడమ మడమకు సూటిగా, టీపై ఎత్తుగా ఉండాలి. ఐరన్ క్లబ్బు క్రిందికి దిగుతూ బంతిని తాకుతుంది. డ్రైవర్ అడుగు బిందువును దాటి పైకి లేస్తూ తాకితే మేలు. ఈ భేదం తెలియక అన్ని క్లబ్బులకూ బంతిని ఒకే చోట ఉంచేవారు అనేకులు.

స్లైస్: చికిత్సే వ్యాధిని పెంచే తీరు

ఔత్సాహికులను అన్నిటికంటె అధికంగా బాధించేది బంతి కుడికి వంగిపోవడం. దీనినే స్లైస్ అంటారు. బంతి కుడికి పోతున్నదని గమనించిన ఆటగాడు సహజంగా పాదాలను, భుజాలను ఎడమకు తిప్పుతాడు. అప్పుడు క్లబ్బు మరింత వెలుపలి నుండి లోపలికి కోసుకుపోతుంది. ముఖానికీ దారికీ మధ్య తేడా పెరుగుతుంది. బంతి మునుపటికంటె ఎక్కువగా కుడికి వంగుతుంది. మరునాడు అతడు ఇంకొంత ఎడమకు తిరుగుతాడు. ఈ విధంగా తాను చేసుకున్న చికిత్సే వ్యాధిని పెంచుతుంది.

దీనికి సవరణ ఈ వరుసలో జరగాలి. మొదట ఎడమచేతి కణుపులను లెక్కించాలి. ఒకటే కనిపిస్తే పట్టును కుడి వైపునకు కొద్దిగా తిప్పాలి. తరువాత నేలపై రెండు కర్రలను సమాంతరంగా పరచి భుజాల దిశను సరిచూసుకోవాలి. అప్పటికీ దోషం పోకపోతే మాత్రమే క్లబ్బు దారిని పరిశీలించాలి. క్రిందికి దిగే ఊపును భుజాలతో ఆరంభించడమే అక్కడ సాధారణమైన తప్పు. కట్టెలు కొట్టే అలవాటున్నవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. కదలిక క్రింది నుండి మొదలవాలి: ముందు బరువు ఎడమ పాదానికి చేరాలి, పిమ్మట నడుము, ఆ తరువాత భుజాలు, చివరకు చేతులు తిరగాలి. బంతికి వెలుపల, జానెడు దూరంలో ఒక ఖాళీ అట్టపెట్టెను ఉంచి దానిని తాకకుండా కొట్టడం మంచి సాధన.

దీనికి విరుద్ధమైనది హుక్, అనగా బంతి ఎడమకు తీవ్రంగా వంగడం. పట్టు కుడికి అతిగా తిరిగి ఉండటం, నడుము ఆగిపోయి చేతులు మాత్రమే తిరగడం దీనికి ముఖ్య కారణాలు.

తల గీయడం, నేల త్రవ్వడం, షాంక్

బంతి తలను గీసి నేలబారుగా దొర్లించే దెబ్బను టాప్ అంటారు. తల ఎత్తడమే కారణమని తోటివారు చెబుతారు. అది చాలా వరకు కారణం కాదు, ఫలితం. బంతిని గాలిలోకి ఎత్తాలనే తాపత్రయంతో ఆటగాడు వెనుకకు వాలి, చేతులను ముడుచుకుంటాడు. బంతిని ఎత్తే పని క్లబ్బు ముఖానికి ఉన్న వాలుదే. క్రిందికి కొడితేనే బంతి పైకి లేస్తుందన్న నమ్మకం కుదిరిన నాడు ఈ దోషం తగ్గుముఖం పడుతుంది.

బంతికి ముందే నేల త్రవ్వుకుపోతే బరువు కుడి పాదంపైనే నిలిచిపోయినదని గ్రహించాలి. మట్టిపై ఒక గీత గీసి, బంతి లేకుండా ఊపి, క్లబ్బు నేలను గీతకు ఎడమ వైపున, అనగా లక్ష్యం వైపున తాకుతున్నదో లేదో చూసుకోవాలి. ఇరవై మార్లలో పదిహేను మార్లు ఎడమ వైపున తాకిన తరువాతనే బంతిని ముట్టాలి.

క్లబ్బు కర్ర ముఖాన్ని కలిసే మెడ వద్ద బంతి తగిలి కుడికి దూసుకుపోతే దానిని షాంక్ అంటారు. బంతికి మరీ దగ్గరగా నిలవడం, ఊపు మధ్యలో బరువు కాలివేళ్ళపైకి జారడం దీనికి కారణాలు. బరువును పాదం నడిమికి తెచ్చుకుంటే సాధారణంగా తొలగిపోతుంది.

బిళ్ళంగోడు ఇచ్చినది, క్రికెట్ నేర్పినది

తెలుగువారి బిళ్ళంగోడు, కన్నడిగుల చిన్నిదాండు, తమిళుల కిట్టిపుళ్ళు, మరాఠీల విట్టిదాండు ఆడి పెరిగిన పిల్లలకు కర్రనూ కంటినీ కలిపే నేర్పు ముందే ఉంటుంది. అది గోల్ఫ్‌లో అక్కరకు వస్తుంది. క్రికెట్ అలవాటులో మాత్రం ఒక చిక్కు ఉన్నది. క్రికెట్‌లో వచ్చే బంతికి స్పందించాలి. గోల్ఫ్ బంతి కదలదు. తొందర పుట్టించేది ఆటగాని మనస్సే. అగ్రశ్రేణి ఆటగాళ్ళ స్వింగ్‌లో వెనుకకు ఎత్తే కాలం, దించి బంతిని తాకే కాలానికి సుమారు మూడు రెట్లు ఉంటుంది. ఎత్తేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని లెక్కించి, దించేటప్పుడు నాలుగు అనుకోవడం ఈ లయను అలవరచే సులభ మార్గం.

ఒక్క గంట దొరికితే

వారానికి ఒక గంట మాత్రమే దొరికే యువకుడు దానిని ఈ విధంగా వినియోగించుకొనవచ్చు. మొదటి పది నిమిషాలు భుజాలు, నడుము, తొడలు సడలించే వ్యాయామం. తరువాత పదిహేను నిమిషాలు బంతి లేకుండా పట్టు, నిలకడ, గీత సాధన. పిమ్మట ఇరవై నిమిషాలు పొట్టి ఐరన్‌తో నడుము ఎత్తు నుండి నడుము ఎత్తు వరకు సగం ఊపు. మిగిలిన పదిహేను నిమిషాలలో కొన్ని పూర్తి దెబ్బలు, కొన్ని పుట్టింగులు. 72 దెబ్బల ప్రమాణమున్న మైదానంలో 36 దెబ్బలు పుట్టింగుకే కేటాయించి ఉంటాయన్నది మరువరాదు. ఒక పూటలో ఒక్క దోషాన్నే సవరించాలి. రెండింటిని పట్టుకుంటే రెండూ చిక్కవు.

పట్టును ఇంటి వద్ద కూడా రోజుకు ఐదు నిమిషాలు చిన్న కర్రతో అభ్యసించవచ్చు. దీనికి ఖర్చు లేదు. సెల్ ఫోనులో రెండు దృశ్యాలు చిత్రించుకోవాలి: ఒకటి ఎదురుగా నిలిచి, మరొకటి లక్ష్యపు గీతకు వెనుకగా నిలిచి. ఫోనును నడుము ఎత్తులో ఉంచాలి. ఏటవాలుగా తీసిన చిత్రం దారిని తప్పుగా చూపుతుంది.

తల్లిదండ్రులు గమనించవలసినవి

పెద్దల క్లబ్బును కోసి పొట్టి చేసి పిల్లలకిస్తే అది బరువుగా, బిరుసుగా ఉంటుంది. దానిని ఎత్తడానికి చేసే ప్రయత్నంలోనే తప్పుడు కదలిక అలవడుతుంది. తేలికైన పిల్లల క్లబ్బు పాతదైనా మేలు. ఊపే వ్యక్తికి వెనుక గాని, ప్రక్కన గాని పిల్లలను నిలవనీయరాదు. గోల్ఫ్‌లో నడుము నొప్పి మిక్కిలి సాధారణమైన గాయం. నొప్పి ఉన్న రోజున బలవంతంగా ఆడితే శరీరం దానిని తప్పించుకోవడానికి కొత్త దోషాన్ని కల్పించుకుంటుంది. వారం దాటినా నొప్పి తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి.

ఆడపిల్లలకు ఈ క్రీడ తగదన్న భావన కూడా విడనాడదగినది. బెంగళూరుకు చెందిన అదితి అశోక్ 2016లో మహిళల ఇండియన్ ఓపెన్ గెలిచినది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందినది.

సంచి మోసే యువకునికి డబ్బు పెట్టి కొనలేని విద్య ఒకటి ఉచితంగా లభిస్తున్నది. అతడు ప్రతి దినం ఇతరుల దెబ్బలను వందల సంఖ్యలో దగ్గరగా చూస్తాడు. బంతి ఎటు పోయినదని చూడడం అందరూ చేసేదే. బంతి కదలక ముందు ఆ ఆటగాని కణుపులు ఎన్ని కనిపించినవి, భుజాలు ఎటు చూసినవి, బరువు ఎక్కడ ఉన్నది అని గమనించడం అలవరచుకుంటే, తన వంతు పూట వచ్చినప్పుడు తన దోషానికి మూలం ఎక్కడ ఉన్నదో అతనికి వేరొకరు చెప్పనక్కరలేదు.