అట్ట మీద అమ్మ ఇంటి చిరునామా

రికార్డు కంపెనీ చెవిని బడవలెనంటే వెనుకటి రోజుల్లో దారి ఒక్కటే. గంటల లెక్కన స్టూడియో అద్దెకు తీసుకొని, వాద్యకారులను సమకూర్చుకొని, నమూనా టేపు తయారు చేయించాలి. పాట బాగున్నదో లేదో ఎవరూ చెప్పక మునుపే చేతి సొమ్ము కరిగిపోయేది. ఆ స్తోమత లేనివాని సంగీతం గది గోడలు దాటేది కాదు. 1978లో ఇంగ్లండులో ఈ స్థితి మారసాగింది.

షెఫీల్డ్ ఉక్కు పరిశ్రమకు పేరు పడిన నగరం. అక్కడ కంప్యూటరు ఆపరేటర్లుగా పనిచేస్తున్న మార్టిన్ వేర్, ఇయాన్ క్రెయిగ్ మార్ష్ అనే ఇద్దరు యువకులు, ఆసుపత్రిలో రోగుల మంచాలు తోసే ఉద్యోగి ఫిలిప్ ఓకీతో కలిసి 'హ్యూమన్ లీగ్' అనే బృందంగా ఏర్పడ్డారు. పాడుబడిన ఒక ఫ్యాక్టరీలో, ఇళ్ళలో వాడే మామూలు టేప్ రికార్డరు మీద 'బీయింగ్ బాయిల్డ్' అనే పాట రికార్డు చేశారు. అయిన ఖర్చు రెండున్నర పౌండ్లు. టేపు ఎడిన్‌బరోలోని 'ఫాస్ట్ ప్రొడక్ట్' అనే చిన్న సంస్థకు చేరింది. ఆ సంస్థ వారిని స్టూడియోకు పిలిచి మళ్ళీ పాడించలేదు. ఆ టేపునే రికార్డుగా అచ్చు వేసింది. 1982లో తిరిగి విడుదలైనప్పుడు అది బ్రిటిష్ పాటల పట్టికలో ఆరవ స్థానానికి ఎక్కింది.

అదే 1978లో లండన్‌లో డేనియల్ మిల్లర్ అనే ఇరవై ఏడేళ్ళ వ్యక్తి ఇటువంటి ప్రయత్నమే చేశాడు. వృత్తి ఫిల్మ్ ఎడిటింగ్. గిటారు పట్టాడు గాని అది పట్టుబడలేదు. అదనపు గంటలు పనిచేసి సంపాదించిన డబ్బుతో ఒకరు వాడి అమ్మిన కోర్గ్ 700ఎస్ సింథసైజరు, నాలుగు ట్రాకుల టీయాక్ టేప్ రికార్డరు కొని ఇంట్లో పెట్టుకున్నాడు.

ఆ సింథసైజరు ఒకసారికి ఒక స్వరమే పలుకుతుంది. రెండు స్వరాలు కలిసి వినబడాలంటే రెండుసార్లు వాయించి రికార్డు చేయాలి. డ్రమ్ మెషిన్ లేదు కనుక తాళం దెబ్బలు కూడా ఆ యంత్రం చేసే రొద నుండి పుట్టించుకోవలసిందే. టేపు మీద ఉన్నవి నాలుగే వరుసలు. అవి నిండితే కొన్నిటిని కలిపి ఒక వరుసలోకి ఎక్కించి, ఖాళీ అయిన చోట కొత్తవి చేర్చాలి. ఇలా ఎక్కించినప్పుడల్లా టేపు బుసబుస పెరుగుతుంది. ఒకసారి కలిపినవాటిని మళ్ళీ విడదీయడం అసాధ్యం. కనుక పాటకు ఏది ప్రాణం, ఏది కేవలం అలంకారం అన్నది ముందుగానే తేల్చుకోవాలి. ఇప్పటి కంప్యూటర్లలో వరుసలకు లెక్క లేదు, చేసినదాన్ని రద్దు చేయడం క్షణంలో పని. అయినా ఇంట్లో తయారయ్యే అనేక డెమోలు ఎన్నటికీ పూర్తి కాకపోవడానికి కారణం బహుశా ఆ సౌకర్యమే.

మిల్లర్ చేసిన రెండు పాటల్లో 'వార్మ్ లెదరెట్'కు మూలం జె. జి. బల్లార్డ్ 1973 నాటి నవల 'క్రాష్'. అయిదు వందల ప్రతులు వేయించి ఊరుకోవాలని ఆయన ఆలోచన. పరీక్ష ప్రతిని 'రఫ్ ట్రేడ్' అనే రికార్డుల దుకాణానికి తీసుకొని వెళ్ళగా, యజమాని జెఫ్ ట్రావిస్ అక్కడికక్కడే విని, రెండు వేలు వేయించు, పంపిణీ మేము చూస్తామన్నాడు. అట్ట మీద ఏదో ఒక కంపెనీ పేరు ఉండాలి గదా! 'మ్యూట్ రికార్డ్స్' అని వేశాడు. కింద తన తల్లి ఇంటి చిరునామా అచ్చయింది.

చూసినవారు దానిని నిజమైన కంపెనీ అనుకున్నారు. తమ ఇళ్ళలో ఇటువంటి యంత్రాలతోనే కుస్తీ పడుతున్న అపరిచితులు ఆ చిరునామాకు టేపులు పంపసాగారు. ఒక్క రికార్డు వేసి తన పనికి తాను పోదలచిన మనిషి ఇతరుల ఆశలను విని తీర్పు చెప్పవలసినవాడయ్యాడు. పరిచయస్థుల ద్వారా వచ్చిన ఫ్రాంక్ టోవీ టేపు ఆయనకు నచ్చింది. 'ఫ్యాడ్ గ్యాజెట్' అనే పేరుతో టోవీ రికార్డు 1979లో వెలువడింది. అప్పుడు మ్యూట్ నిజంగానే కంపెనీ అయింది.

అయితే తీర్పరి చెవి అన్ని వేళలా తెరుచుకొని ఉండదు. 1980లో బాసిల్డన్ నుండి వచ్చిన విన్స్ క్లార్క్, డేవ్ గాన్ అనే కుర్రవాళ్ళు ఒక టేపు పట్టుకొని లండన్‌లోని కంపెనీల గుమ్మాలన్నీ ఎక్కి దిగారు. రఫ్ ట్రేడ్‌లో మిల్లర్ తటస్థపడ్డాడు. ఆయన చిరాకులో ఉన్నాడు. వారి వేషం చూసి పెదవి విరిచాడే గాని టేపు మీద మనసు పెట్టలేదు. కొన్ని వారాలకు తూర్పు లండన్‌లోని 'బ్రిడ్జ్ హౌస్'లో ఫ్యాడ్ గ్యాజెట్ కచేరీకి ముందు అదే బృందం వాయించింది. ఈసారి విన్నాడు. వారే 'డెపెష్ మోడ్'. ఒప్పందపత్రం లేదు, చేతిలో చేయి వేసి, లాభంలో చెరి సగం అనుకున్నారు. 1981లో వారి పాటలు పట్టికలో పదకొండవ స్థానానికి, ఆపై ఎనిమిదవ స్థానానికి చేరాయి.

టేపు పంపేవారు గమనించవలసినదేమిటో ఈ ఉదంతంలోనే ఉన్నది. వినేవాడు అలసి ఉంటాడు, ముందు గుట్టలు పడి ఉంటాయి. మూడు నాలుగు పాటలు చాలు. వాటిలో మేలైనది మొదట ఉండాలి, అదీ సుదీర్ఘ ఉపోద్ఘాతం లేకుండా ఎత్తుకోవాలి. ఆ కంపెనీ ఎటువంటి సంగీతం వేస్తుందో విని మరీ పంపాలి. ఉత్తరం ఒకచోట, క్యాసెట్టు ఒకచోట పడిపోయే ప్రమాదం ఉన్నది కనుక పేరు క్యాసెట్టు మీదనే రాయమని ఆనాటి హెచ్చరిక. నేడు టేపుకు బదులు లింకు వెళుతున్నది; ఫైలుకు పేరు పెట్టకుండా పంపేవారు నేటికీ ఉన్నారు. ధ్వనిని బలవంతంగా హెచ్చించి పంపడం మరొక పొరపాటు. చివరి మెరుగు దిద్దే పని కంపెనీది.

భారతదేశంలో కథ మరో విధంగా నడిచింది. బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో రోలండ్ టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 యంత్రాల మీద పది రాగాలను డిస్కో తాళంలో వాయించగా హెచ్.ఎం.వి. రికార్డు వేసింది. ఆయనకు కంపెనీ తలుపు తెరుచుకున్నది గాని శ్రోతలు దొరకలేదు, రికార్డు అమ్ముడుపోలేదు. అదే టీబీ-303 ధ్వనితో షికాగో యువకులు చేసిన 'యాసిడ్ ట్రాక్స్' 1987లో ఒక కొత్త సంగీత శాఖకు పేరు పెట్టింది. 2010లో చరణ్‌జీత్ రికార్డు విదేశంలో పునర్ముద్రణ పొందిన తరువాతనే ప్రపంచం ఆయన వైపు తిరిగి చూసింది. 2015లో కన్నుమూయక మునుపు, డెబ్బై దాటిన వయసులో, ఐరోపా వేదికల మీద యువజనుల ఎదుట ఆ రాగాలను స్వయంగా వాయించాడు.