సంగారెడ్డి తమ్ముడి ఆట, హనుమకొండ అర్జున్ ఆట

సంగారెడ్డిలో మా పక్క గదిలో ఉండే తమ్ముడు పాశమైలారంలో ఒక కంపెనీలో ఆపరేటర్. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో కంపెనీ బస్సెక్కింది మొదలు గేటు దగ్గర దిగేదాకా ఫోన్‌లో చెస్ ఆడుతూనే ఉంటాడు. మూడు నిమిషాల ఆటలో, అంటే బ్లిట్జ్‌లో, అతని రేటింగ్ ఈ మధ్యే 2100 దాటింది. ఫోన్ నా ముందు పెట్టి, "అన్నా, నా ఆట ఎట్లుందో ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు.

నేను పదహారేళ్లుగా మందుల కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. బ్యాచ్ ఫలితం హద్దు దాటితే మేం దాన్ని ఓఓఎస్ అంటాం. ఫెయిల్ అని రాసి చేతులు దులుపుకోం. తూకంలో తప్పు జరిగిందా, హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌లోనా, లేక సరుకులోనే ఉందా అని తవ్వుకుంటూ వెనక్కి పోతాం. ఆటనూ అలాగే చూడాలి. రేటింగ్ ఫలితం చెబుతుంది, కారణం చెప్పదు. పైగా ఆన్‌లైన్ రేటింగ్ వేరు, టోర్నమెంట్లలో ప్రపంచ చెస్ సమాఖ్య (ఫిడే) ఇచ్చే రేటింగ్ వేరు.

"గెలిచినవి పక్కన పెట్టు, ఓడిన ఇరవై ఆటలు తియ్యి" అన్నాను. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన ఒక పొద్దున ఇద్దరం కూర్చున్నాం. కంప్యూటర్ విశ్లేషణ ముట్టుకోలేదు. అది తప్పు ఎక్కడుందో చూపిస్తుంది గానీ, ఆ ఎత్తు వేసేటప్పుడు మనం ఏమనుకున్నామో దానికి తెలియదు. ముందు తనేమనుకున్నాడో కాగితం మీద రాయించాను.

తమ్ముడి బలం వేగం. గుర్రంతో రెండు పావుల మీద ఒకేసారి దాడి కనబడితే రెండు సెకన్లలో పట్టేస్తాడు. ఓడిపోయే స్థితిలోనూ చిక్కుముళ్లు వేసి అవతలివాడి గడియారం కరిగిస్తాడు. మరి ఓటములు? సగానికి పైగా పావులు పలచబడ్డాక, చివరి దశలోనే వచ్చాయి. పదిహేను నిమిషాల ఆటల్లోనూ అదే తీరు. పది నిమిషాలు మిగిలి ఉండగానే ఓడిపోయాడు! గెలిపించిన వేగమే అక్కడ ముంచింది. బలం ఒక కాగితం మీద, లోపం ఇంకో కాగితం మీద రాస్తే ఈ సంగతి కనబడదు. చాలాసార్లు రెండింటికీ వేరు ఒక్కటే.

ఇది చిన్న ఆటగాళ్ల సంగతే అనుకోకండి. మన అర్జున్ ఇరిగేశిని చూడండి. హనుమకొండ పిల్లవాడు, 2003లో పుట్టాడు, పద్నాలుగేళ్లకే గ్రాండ్‌మాస్టర్. 2022 సెప్టెంబరులో ఆన్‌లైన్‌లో జరిగిన జూలియస్ బేర్ జనరేషన్ కప్‌లో ఫైనల్ దాకా వెళ్లి అప్పటి ప్రపంచ చాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ చేతిలో ఓడాడు. మూడు వారాలు తిరగకుండానే ఎయిమ్‌చెస్ ర్యాపిడ్‌లో, అదీ ఆన్‌లైన్‌లోనే, అదే కార్ల్‌సన్‌ను ఓడించాడు. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద 11 ఆటల్లో 10 పాయింట్లు, వ్యక్తిగత స్వర్ణం. ఆ డిసెంబరు ఫిడే జాబితాలో 2801. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు అతడే.

అర్జున్ బలం ఏమిటని అడిగితే, డ్రాతో సరిపెట్టుకోకపోవడం అంటాను. నల్లపావులతోనైనా ఆటను చిక్కుల్లోకి లాగుతాడు. ఓపెనింగులు మారుస్తూ ఉంటాడు కాబట్టి ప్రత్యర్థి ఇంటి దగ్గర చదువుకొచ్చిన పాఠం అక్కరకు రాదు. నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో 2023లో మాస్టర్స్ విభాగంలో అతనికి చివరి స్థానమే దక్కింది. 2025లో అక్కడే మొదట్లో దెబ్బ మీద దెబ్బ తిన్నాడు. ఆఖరి రౌండ్లో మాత్రం అప్పటికి ఉమ్మడి ఆధిక్యంలో ఉన్న ప్రపంచ చాంపియన్ గుకేశ్‌ను ఓడించాడు. ఆ ఓటముల్లోనూ, ఆ గెలుపులోనూ నాకు కనబడేది ఒకే మనిషి. అతను ఆ తెగువ వదులుకోవాలని నేను అనను. ఏ రోజు ఎంత తెగించాలో తూచుకోవడమే మిగిలిన పని.

మళ్లీ తమ్ముడి దగ్గరికి వద్దాం. ఇరవైలో ఒక ఆట నన్ను బాగా బాధపెట్టింది. అవతల ఏనుగు, ఒక బంటు. ఇతనికి ఏనుగు ఒక్కటే, రాజు మాత్రం బంటుకు ఎదురుగా తన మొదటి వరుసలోనే ఉన్నాడు. చక్కగా డ్రా అయ్యే స్థితి. ఫిలిడోర్ అనే ఫ్రెంచి ఆటగాడు 18వ శతాబ్దంలోనే దారి చూపించాడు. ఏనుగును మన వైపు నుంచి మూడో వరుసలో కాపలా పెట్టి, ఎదుటి రాజును ముందుకు రానివ్వకూడదు. బంటు ఆ వరుసలో అడుగు పెట్టిన మరుక్షణం ఏనుగు అవతలి చివరకు వెళ్లి వెనక నుంచి చెక్‌లు ఇవ్వాలి. ఇక రాజుకు దాక్కునే చోటుండదు. తమ్ముడు తొందరపడి ముందే చెక్‌లు మొదలుపెట్టి కాపలా వదిలేశాడు. ఇది అరగంటలో నేర్చుకునే విద్య. రెండు వేల రేటింగ్ దాటినా నేర్చుకోలేదంటే, ఎవరూ అడగలేదు కాబట్టి.

"అయితే బ్లిట్జ్ ఆపెయ్యాల్నా అన్నా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. బస్సులో ఆడుకో. వీక్లీ ఆఫ్ నాడు మాత్రం ఎత్తుకు పది సెకన్లు కలిసే అరగంట ఆట ఒకటి ఆడు. అయిపోయాక ఎక్కడ అనుమానం వచ్చిందో రాసుకో, ఆ తర్వాతే కంప్యూటర్‌ను అడుగు.

మీ ఇంట్లోనూ ఫోన్‌లో చెస్ ఆడే పిల్లలు ఉంటారు. రేటింగ్ ఎంతయిందని అడగకండి. ఈ వారం ఓడిన ఆట ఒకటి చూపించమని, పక్కన కూర్చుని పూర్తిగా వినండి.